ప్రాంతం చూసి ఎంచుకున్న ఉపాధ్యక్షుడు ఏమి తెస్తాడు?

1988 నవంబరు 8న టెక్సస్ ఓటర్ల ముందున్న బ్యాలట్‌లో లాయిడ్ బెంట్సన్ పేరు రెండు చోట్ల ఉంది. ఒకటి సెనేట్ సభ్యత్వానికి. రెండోది డెమోక్రటిక్ పార్టీ అధ్యక్ష అభ్యర్థి మైకేల్ డుకాకిస్ పక్కన, ఉపాధ్యక్ష పదవికి. సెనేట్‌కు ఆయనను సుమారు 59 శాతం ఓట్లతో గెలిపించారు. ఉపాధ్యక్ష పదవి దగ్గరికి వచ్చేసరికి అదే ఓటర్లు ముఖం తిప్పుకున్నారు. ఆ పోటీలో దాదాపు 56 శాతం ఓట్లు రిపబ్లికన్ అభ్యర్థి జార్జ్ బుష్‌కు పడ్డాయి. మన దగ్గర క్రాస్ ఓటింగ్ అనే దానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ దొరకడం కష్టం. బెంట్సన్ అంటే ఇష్టమున్న లక్షల మంది, ఆయన ఉన్నాడు కదా అని డుకాకిస్‌కు ఓటు వేయలేదు.

బెంట్సన్ బలహీనుడు కాడు. 1970లో సెనేట్ ఎన్నికలో ఇదే బుష్‌ను టెక్సస్‌లోనే ఓడించిన మనిషి. మసాచుసెట్స్ గవర్నరైన డుకాకిస్ ఆయనను ఎంచుకోవడానికి కారణం దాచిపెట్టిందీ కాదు. 1960లో మసాచుసెట్స్‌కు చెందిన జాన్ కెనెడీ టెక్సస్‌కు చెందిన లిండన్ జాన్సన్‌ను తోడు తెచ్చుకుని గెలిచాడు. బోస్టన్, ఆస్టిన్ నగరాల పేర్లు కలిపి ఆ పాత జోడీ మళ్లీ వచ్చిందని పార్టీ ప్రచారం చేసింది. ఒకే మనిషి ఒకే రోజున సెనేట్‌కూ ఉపాధ్యక్ష పదవికీ పోటీ చేయడానికి వీలిచ్చిన టెక్సస్ చట్టం కూడా 1959లో జాన్సన్ కోసం చేసినదే. కూర్పు అదే, చట్టం అదే, రాష్ట్రం అదే. ఫలితం మాత్రం తారుమారైంది. ఆ ఇరవై ఎనిమిదేళ్లలో ఏమి మారిందో తెలిస్తే, ప్రాంతం చూసి రన్నింగ్ మేట్‌ను, అంటే జోడీగా నిలిచే ఉపాధ్యక్ష అభ్యర్థిని, ఎంచుకునే లెక్క ఎప్పుడు పనిచేస్తుందో, ఎప్పుడు తప్పుతుందో తెలుస్తుంది.

అమెరికాలో ఈ లెక్క పుట్టింది ఎన్నికల పద్ధతి నుంచే. దేశం మొత్తం మీద ఎన్ని ఓట్లు వచ్చాయన్నది అక్కడ అధ్యక్షుడిని నిర్ణయించదు. రాష్ట్రాల తరఫున అధ్యక్షుడిని ఎన్నుకునే ప్రతినిధులను ఎలక్టర్లు అంటారు, వారి ఓట్లే ఎలక్టోరల్ ఓట్లు. మొత్తం 538 ఎలక్టోరల్ ఓట్లలో 270 తెచ్చుకున్నవారు గెలుస్తారు. మెయిన్, నెబ్రాస్కా తప్ప మిగతా 48 రాష్ట్రాల్లో ఒక్క ఓటు మెజారిటీ వచ్చినా ఆ రాష్ట్రపు ఎలక్టోరల్ ఓట్లన్నీ ఒకరికే చెందుతాయి. అందుకే పెద్ద రాష్ట్రంలో ఒకటి రెండు శాతం ఓట్లు అటూ ఇటూ అయితే చాలు, దేశం చేతులు మారుతుంది. ఆ ఒకటి రెండు శాతాన్ని స్థానికుడి పేరుతో సంపాదించవచ్చన్నది వ్యూహకర్తల ఆశ. దీనికి రాజ్యాంగం కూడా కొంత దోహదం చేసింది. ఎలక్టర్లు వేసే రెండు ఓట్లలో ఒకటైనా తమ రాష్ట్రం బయటివారికి వేయాలన్న నిబంధన మొదటి నుంచీ ఉంది. 2000లో పైన చెప్పిన బుష్ కుమారుడు, టెక్సస్ గవర్నర్ జార్జ్ డబ్ల్యు. బుష్ తన జోడీగా డిక్ చెనీని ఎంచుకున్నప్పుడు, అప్పటికి టెక్సస్‌లోనే ఉంటున్న చెనీ తన ఓటరు నమోదును వ్యోమింగ్‌కు మార్చుకున్నది ఇందుకే. లేకపోతే టెక్సస్ ఎలక్టర్లు ఇద్దరికీ ఓటు వేయడానికి వీలుండేది కాదు. బుష్‌కు చివరికి వచ్చినవి 271 ఓట్లే కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

ప్రాంతాల పొత్తు మాత్రం చెనీ కంటే రెండు శతాబ్దాల ముందే మొదలైంది. 1800లో వర్జీనియాకు చెందిన థామస్ జెఫర్సన్‌కు న్యూయార్క్‌కు చెందిన ఆరన్ బర్‌ను జత చేశారు. అప్పట్లో న్యూయార్క్‌లో ఎలక్టర్లను ఎన్నుకునేది శాసనసభ. బర్ న్యూయార్క్ నగరంలో వార్డు వార్డూ తిరిగి, ఓటర్ల జాబితాలు రాయించి, పేరున్న పెద్దలను అభ్యర్థులుగా నిలబెట్టి ఆ శాసనసభను తన పార్టీ చేతికి తెచ్చాడు. దాంతో రాష్ట్రపు 12 ఎలక్టోరల్ ఓట్లు జెఫర్సన్ వైపు వచ్చాయి. బర్ న్యూయార్క్ వాడు కావడం వల్ల ఆ ఓట్లు రాలేదు. న్యూయార్క్‌లో ఆయనకంటూ ఒక యంత్రాంగం ఉండడం వల్ల వచ్చాయి. అప్పట్లో ఎలక్టర్లు రెండు పదవులకూ వేరువేరుగా ఓటు వేయకపోవడంతో ఇద్దరికీ సమానంగా 73 ఓట్లు రావడం, ప్రతినిధుల సభ 36వ విడత ఓటింగ్‌లో గాని జెఫర్సన్‌ను తేల్చలేకపోవడం, ఆ చిక్కును తప్పించడానికి 1804లో పన్నెండో సవరణ రావడం వేరే కథ. ఇక్కడ గుర్తుంచుకోవలసింది బర్ చేతిలోని ఆ యంత్రాంగాన్నే.

జాన్సన్ కథ కూడా అదే. 1952లోనూ 1956లోనూ టెక్సస్ రిపబ్లికన్ అయిన ఐసెన్‌హోవర్‌కు ఓటు వేసింది. దక్షిణాది రాష్ట్రాలు అంతర్యుద్ధం నాటి నుంచి డెమోక్రటిక్ పార్టీకి కంచుకోటలే అయినా, ఆ కోటలో అప్పటికే బీటలు కనిపిస్తున్నాయి. కెనెడీ ఉత్తరాది వాడు, పైగా కాథలిక్. ప్రొటెస్టెంట్లు ఎక్కువగా ఉన్న దక్షిణాదిలో అది చిన్న అడ్డంకి కాదు. 1960 సెప్టెంబరులో హ్యూస్టన్‌లో ప్రొటెస్టెంట్ మతాచార్యుల ముందు నిలబడి, తన మతం తన పదవిని శాసించదని ఆయన చెప్పుకోవలసి వచ్చింది. జాన్సన్ అప్పటికి సెనేట్‌లో మెజారిటీ పక్ష నాయకుడు. దక్షిణాది సెనేటర్లలో ఆయన సాయం పొందని వారు, రేపు ఆయన సాయం అవసరం లేని వారు అరుదు. లాస్ ఏంజిలిస్ మహాసభలో ఆయన ఎంపికను కెనెడీ తమ్ముడు రాబర్ట్‌తో పాటు కార్మిక సంఘాల నాయకులు కూడా వ్యతిరేకించారు. అయినా కెనెడీ వెనక్కి తగ్గలేదు.

ఆ అక్టోబరులో జాన్సన్ ప్రత్యేక రైలులో దక్షిణాది ఊళ్ల మీదుగా న్యూ ఆర్లీన్స్ వరకు వెళ్లాడు. స్టేషన్లలో ఆయన ఉపన్యాసాల కంటే, ఒక స్టేషన్‌లో ఎక్కి మరో స్టేషన్‌లో దిగిన స్థానిక నాయకులతో పెట్టెలో జరిగిన మాటలే ఎక్కువ పనిచేశాయని చెప్పాలి. ఉత్తరాది కాథలిక్ కోసం పనిచేయడమా, చేతులు ముడుచుకుని కూర్చోవడమా అని ఊగిసలాడుతున్న గవర్నర్లు, మేయర్లు, కౌంటీ పెద్దలు వాళ్లు. జాన్సన్ అడిగిన తరువాత చేతులు ముడుచుకోవడం కష్టమైంది. నవంబరు 4న డాలస్‌లోని ఒక హోటల్ వద్ద రిపబ్లికన్ ఆందోళనకారుల గుంపు జాన్సన్‌నూ ఆయన భార్య లేడీ బర్డ్‌నూ చుట్టుముట్టి దూషించింది. అప్పటివరకు ప్రచారానికి దూరంగా ఉన్న జార్జియా సెనేటర్ రిచర్డ్ రసెల్ ఆ తరువాత టెక్సస్ వచ్చి జాన్సన్ తరఫున మాట్లాడాడు. పౌరహక్కుల విషయంలో కెనెడీ పార్టీ కార్యక్రమం రసెల్‌కు ఎంత మాత్రం నచ్చనిది. ఆయనను కదిలించింది పాత స్నేహం.

చివరికి టెక్సస్‌లో కెనెడీకి వచ్చిన మెజారిటీ దాదాపు 46,000 ఓట్లు. రెండు కరోలినాలు, జార్జియా, లూసియానా, ఆర్కెన్సా కూడా దక్కాయి. దీన్నంతా జాన్సన్ ఖాతాలో వేయడం మాత్రం న్యాయం కాదు. దక్షిణ టెక్సస్‌లో మెక్సికన్ మూలాలున్న ఓటర్ల మధ్య కెనెడీ పేరుతో వెలసిన క్లబ్బులు ఊరూరా తిరిగి ఓట్లు తెచ్చాయి. మార్టిన్ లూథర్ కింగ్ జైలులో ఉన్నప్పుడు ఆయన భార్యకు కెనెడీ చేసిన ఫోను నల్లజాతి ఓటర్లను కదిలించింది. మరో సంగతి కూడా ఉంది. కెనెడీకి వచ్చినవి 303 ఎలక్టోరల్ ఓట్లు. టెక్సస్‌కు చెందిన 24 తీసివేసినా ఆయన గెలిచేవాడే. జాన్సన్ లేకుంటే దక్షిణాదిలో టెక్సస్‌తో పాటు ఇంకెన్ని పోయేవన్నదే అసలు ప్రశ్న. అవన్నీ పోయి ఉంటే ఆయన ఓడిపోయేవాడు.

1988 నాటికి ఆ దక్షిణాది లేదు. దాన్ని మార్చినవాడు, విచిత్రంగా, జాన్సనే. అధ్యక్షుడైన తరువాత 1964లో పౌరహక్కుల చట్టాన్ని, 1965లో ఓటు హక్కు చట్టాన్ని ఆయన సాధించాడు. అవి అమెరికా ప్రజాస్వామ్యానికి జరిగిన అతి పెద్ద మేళ్లలో రెండు. వాటితో పాటు దక్షిణాది తెల్లజాతి ఓటర్లు ఏడాదికేడాది రిపబ్లికన్ పార్టీ వైపు జరిగిపోయారు. స్థానిక ఎన్నికల్లో పాత పరిచయాలకు ఓటు వేసినా, అధ్యక్ష ఎన్నిక వచ్చేసరికి పార్టీని, విధానాన్ని చూసే అలవాటు స్థిరపడింది. బెంట్సన్ అడిగితే కాదనలేని కౌంటీ పెద్దలు కొందరు ఉండవచ్చు. ఆ పెద్దలు చెబితే అధ్యక్షుడికి ఓటు వేసే జనం లేరు. పైగా బుష్ సొంత నివాసం హ్యూస్టన్. స్థానికుడు కావాలనుకున్న టెక్సస్ ఓటరుకు అధ్యక్ష స్థానంలోనే ఒక స్థానికుడు దొరికాడు.

ఒక్క ఎన్నికను చూసి సూత్రం కట్టకూడదు కాబట్టి పరిశోధకులు వందేళ్లకు పైబడిన ఫలితాలను జల్లెడ పట్టారు. క్రిస్టఫర్ డివైన్, కైల్ కాప్కో అనే రాజనీతి శాస్త్రవేత్తలు తేల్చినది ఏమిటంటే, ఉపాధ్యక్ష అభ్యర్థి స్వరాష్ట్రంలో అదనంగా వచ్చే ఓట్లు సగటున దాదాపు శూన్యం. చిన్న రాష్ట్రం నుంచి వచ్చి, అక్కడ చాలాకాలంగా పదవుల్లో ఉన్నవారికి మాత్రం కొంత లాభం కనిపిస్తుంది. బోరిస్ హీర్సింక్, బ్రెంటన్ పీటర్సన్ వేరే గణిత పద్ధతిని వాడి సగటున 2.67 శాతం పాయింట్ల లాభం ఉందన్నారు. ఈ రెండింటి మధ్య వాదన ఇంకా ముగియలేదు. మొదటి ఫలితంలోని షరతులే నిజానికి దగ్గరగా అనిపిస్తాయి. చిన్న రాష్ట్రంలో దీర్ఘకాలం పదవిలో ఉన్న నాయకుడంటే ఊరూరా మనుషులున్న నాయకుడు. కాకపోతే అలాంటి రాష్ట్రాలకు మూడో నాలుగో ఎలక్టోరల్ ఓట్లు ఉంటాయి. లాభం ఉన్న చోట అవసరం లేదు, అవసరం ఉన్న చోట లాభం లేదు.

2004లో జాన్ కెర్రీ ఉత్తర కరోలినా సెనేటర్ జాన్ ఎడ్వర్డ్స్‌ను ఎంచుకుని ఆ రాష్ట్రాన్ని 12 శాతం పాయింట్లకు పైగా తేడాతో పోగొట్టుకున్నాడు. 2012లో మిట్ రామ్నీకి పాల్ రయన్ విస్కాన్సిన్‌ను తేలేకపోయాడు. 1968లో నిక్సన్ ఎంచుకున్న స్పైరో యాగ్న్యూ మేరీలాండ్ గవర్నరే, అయినా మేరీలాండ్ డెమోక్రటిక్ అభ్యర్థి హంఫ్రీకి వెళ్లింది. ఈ పట్టిక పెంచుకుంటూ పోవచ్చు. వీటన్నిటికంటే పెద్ద పాఠం 2000లో అల్ గోర్ నేర్చుకున్నది. ఉపాధ్యక్ష స్థానంలో కాదు, అధ్యక్ష స్థానంలోనే నిలబడిన మనిషిని స్వరాష్ట్రం టెనెసీ కాదంది. ఆ 11 ఎలక్టోరల్ ఓట్లు వచ్చి ఉంటే వివాదాస్పదమైన ఫ్లోరిడా లెక్కింపుతో పని లేకుండానే ఆయన అధ్యక్షుడయ్యేవాడు.

అదే గోర్ 1992లో బిల్ క్లింటన్‌కు జోడీగా వచ్చినప్పుడు ప్రాంతాల సమతూకం అనే సూత్రాన్ని ఇద్దరూ కలిసి పక్కన పెట్టారు. ఆర్కెన్సా, టెనెసీ ఇరుగు పొరుగు రాష్ట్రాలు. ఇద్దరూ దక్షిణాది వారు, ఇద్దరూ నలభైల్లో ఉన్నవారు, ఇద్దరూ పార్టీలో మధ్యేవాదులు. లోటును పూడ్చడానికి కాక, తమ ముద్రను రెట్టింపు చేసి చూపడానికి చేసిన ఎంపిక అది. ఈ జోడీ టెనెసీ, జార్జియా, లూసియానా, కెంటకీలను తిరిగి తెచ్చింది. ఇందులో గోర్ స్వరాష్ట్రం పాలు ఎంత, ఆర్థిక మాంద్యం పాలు ఎంత అని విడదీయడం కష్టం. కానీ ఆ తరువాత అభ్యర్థులు రాష్ట్రం కంటే రూపాన్ని ఎక్కువగా చూడడం మొదలుపెట్టారు. ఒబామా ఎంచుకున్న బైడెన్ స్వరాష్ట్రం డెలావేర్‌కు ఉన్నవి మూడే ఎలక్టోరల్ ఓట్లు. మెకెయిన్ ఎంచుకున్న సారా పేలిన్ అలాస్కాకూ మూడే.

2024లో ఈ పాత, కొత్త లెక్కలు రెండూ ఒకే బల్ల మీదికి వచ్చాయి. కమలా హారిస్ పెన్సిల్వేనియా గవర్నర్ జోష్ షపిరోను ఎంచుకోవాలని చాలామంది అన్నారు. 19 ఎలక్టోరల్ ఓట్లున్న కీలక రాష్ట్రంలో జనాదరణ ఉన్న గవర్నర్ ఆయన. ఆమె మిన్నెసోటా గవర్నర్ టిమ్ వాల్జ్‌ను ఎంచుకుంది. పెన్సిల్వేనియా ట్రంప్‌కు వెళ్లింది, తేడా రెండు శాతం లోపే. షపిరో ఉంటే వేరుగా ఉండేదన్న మాట ఆ రాత్రి నుంచే వినిపించింది. అంకెలు ఆ మాటను సమర్థించవు. హారిస్‌కు వచ్చినవి 226. పెన్సిల్వేనియా కలిపినా 245 దాటవు. ట్రంప్ ఏడు కీలక రాష్ట్రాలనూ గెలిచాడు. దేశమంతా ఒకే వైపు వీచిన గాలిని ఒక రాష్ట్రపు గవర్నర్ ఆపలేడు.

ట్రంప్ ఎంచుకున్న జె.డి. వాన్స్ అప్పటికి ఒహాయో సెనేటర్. ఒహాయో అప్పటికే రిపబ్లికన్ల చేతిలో ఉంది, దాని కోసం ఎవరినీ వెతకవలసిన పని లేదు. వాన్స్‌ను ముందుకు తెచ్చినది మూతపడిన ఫ్యాక్టరీల ఊళ్లలో పెరిగిన జీవితకథ. మిల్వాకీ మహాసభలో ఆయన ఒహాయోతో పాటు పెన్సిల్వేనియా, మిషిగన్ పేర్లు చెప్పి మరీ మాట్లాడాడు. ఇక్కడ ప్రాంతం అంటే రాష్ట్ర సరిహద్దు కాదు, ఒకే కష్టాన్ని పంచుకున్న పారిశ్రామిక పట్టణాల వరుస. తెలుగు పత్రికలు ఆ రోజుల్లో వాన్స్ భార్య ఉషా చిలుకూరి కుటుంబ మూలాలు ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నాయని సంబరంగా రాశాయి. ఆ సంబరం సహజమే. అయితే అమెరికాలో స్థిరపడిన తెలుగువారు ఆ ఒక్క కారణంతో ఓటు మార్చుకుంటారని ఊహించినవారు బెంట్సన్ కథను మరోసారి చదువుకోవాలి.

మనకు మరింత దగ్గరి ఉదాహరణ 2025 సెప్టెంబరు 9న జరిగిన భారత ఉపరాష్ట్రపతి ఎన్నిక. ఇక్కడ జోడీ పోటీ లేదు, ఓటర్లు పార్లమెంటు సభ్యులే. అయినా ప్రాంతం లెక్క అచ్చంగా అదే. ఎన్డీయే తమిళనాడుకు చెందిన సి.పి. రాధాకృష్ణన్‌ను నిలబెట్టింది. ప్రతిపక్ష కూటమి తెలంగాణకు చెందిన సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి బి. సుదర్శన్ రెడ్డిని దించింది. తెలుగువారి గౌరవం కోసం పార్టీలకు అతీతంగా ఓటు వేయాలని తెలంగాణ ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి పిలుపునిచ్చారు. తెలుగుదేశం, వైఎస్సార్ కాంగ్రెస్ పార్టీలు తమిళ అభ్యర్థిని బలపరిచాయి. తమిళనాడులోని డీఎంకే తెలుగు అభ్యర్థిని బలపరిచింది. భారత్ రాష్ట్ర సమితి ఓటింగ్‌కు దూరంగా ఉంది. రాధాకృష్ణన్ 452–300 ఓట్లతో గెలిచారు. పొత్తుల ముందు సొంత గడ్డ ఏ వైపునా నిలవలేదు.

ప్రాంతమే రాజకీయ పార్టీలా కదిలే దేశాల్లో పరిస్థితి వేరు. కెన్యాలో అధ్యక్షుడు కావాలంటే సగానికి పైగా ఓట్లతో పాటు 47 కౌంటీల్లో కనీసం 24 చోట్ల పావు వంతు ఓట్లు రావాలి. 2022లో విలియం రూటో రిఫ్ట్ వ్యాలీ వాడు, రైలా ఒడింగా న్యాంజా వాడు. ఓట్లు కుప్పలుగా ఉన్న మౌంట్ కెన్యా ప్రాంతం నుంచి ప్రధాన అభ్యర్థి ఎవరూ లేరు. ఇద్దరూ అక్కడి వారినే జోడీగా ఎంచుకున్నారు. రూటో న్యేరికి చెందిన రిగాతి గచాగువాను, ఒడింగా మాజీ న్యాయశాఖ మంత్రి మార్తా కరువాను. అదే ప్రాంతానికి చెందిన అప్పటి అధ్యక్షుడు ఉహురు కెన్యాట్టా కూడా ఒడింగా వైపే నిలిచాడు. అయినా మౌంట్ కెన్యా రూటో వెంట నడిచింది. కరువా సొంత కౌంటీ కిరిన్యాగా కూడా రూటోకే భారీ మెజారిటీ ఇచ్చింది. పేరూ నిజాయతీ ఉన్న నాయకురాలిగా కరువాను అక్కడివారు ఎరుగుదురు. కానీ ఊళ్లలో ఏళ్ల తరబడి తిరిగి కట్టుకున్న బలగం రూటో పక్షానికి ఉంది. రూటో 50.49 శాతంతో గట్టెక్కాడు.

గెలిచిన తరువాత గచాగువా ప్రభుత్వాన్ని వాటాల కంపెనీతో పోల్చాడు. ఓట్లు వేసినవారికే వాటా, వేయనివారు ఆగాలి అన్నది ఆ మాటల సారం. తనను ఎందుకు ఎంచుకున్నారో ఆయనకు బాగా తెలుసు, ఆ బాకీనే అడిగాడు. అక్కడి రాజ్యాంగం ప్రకారం ఉపాధ్యక్షుడిని అధ్యక్షుడు తొలగించలేడు. 2024 అక్టోబరులో పార్లమెంటు ఆయనను అభిశంసించి తొలగించింది. ఆరోపణల్లో ఆ వాటాల మాటలు కూడా ఉన్నాయి. ఖాళీని భర్తీ చేసిన కితురే కిండికీ కూడా మౌంట్ కెన్యా వాడే. మనిషి మారినా లెక్క మారలేదు.

ప్రాంతం కోసం చేసే ఎంపికలో అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. ఓట్ల లాభనష్టాలు ఒక్క రోజుతో తేలిపోతాయి. ఎంచుకున్న మనిషి మాత్రం నాలుగేళ్లు అధ్యక్ష పదవికి ఒక్క మెట్టు దూరంలో ఉంటాడు. 1840లో, అప్పటి ప్రధాన పార్టీల్లో ఒకటైన విగ్ పార్టీ దక్షిణాది ఓట్ల కోసం వర్జీనియాకు చెందిన జాన్ టైలర్‌ను విలియం హెన్రీ హారిసన్ పక్కన పెట్టింది. పార్టీ కోరుకున్న జాతీయ బ్యాంకు విషయంలో ఆయన అభిప్రాయమేమిటని గట్టిగా అడిగినవారు లేరు. హారిసన్ నెల రోజులకే మరణించాడు. టైలర్ బ్యాంకు బిల్లును రెండుసార్లు తిరస్కరించాడు, ఒక్కరు తప్ప మంత్రివర్గమంతా రాజీనామా చేసింది, పార్టీ తన అధ్యక్షుడినే బహిష్కరించింది.

1864 నాటి ఎంపిక మూల్యం ఇంకా ఎక్కువ. అంతర్యుద్ధం నడుమ జరిగిన ఆ ఎన్నికలో అబ్రహాం లింకన్ పక్కన ఉన్న మెయిన్ వాసి హానిబల్ హామ్లిన్‌ను తప్పించి, టెనెసీకి చెందిన డెమోక్రాట్ ఆండ్రూ జాన్సన్‌ను తెచ్చారు. విడిపోయిన రాష్ట్రాల సెనేటర్లలో సెనేట్‌లోనే ఉండిపోయిన ఒకే ఒక్కడు ఆయన. యుద్ధాన్ని సమర్థించే డెమోక్రాట్లనూ సరిహద్దు రాష్ట్రాలనూ ఆకట్టుకోవాలన్నది ఉద్దేశం. లింకన్ 212–21 తేడాతో గెలిచాడు. టెనెసీ పంపిన ఎలక్టోరల్ ఓట్లను కాంగ్రెస్ లెక్కలోకే తీసుకోలేదు. రెండోసారి ప్రమాణం చేసిన ఆరు వారాలకే లింకన్ హత్యకు గురయ్యాడు. అప్పుడే బానిసత్వం నుంచి బయటపడుతున్న నలభై లక్షల మంది భవిష్యత్తు, వారి హక్కుల మీద నమ్మకం లేని మనిషి చేతిలో పడింది. ఆండ్రూ జాన్సన్ 1866 పౌరహక్కుల బిల్లును తిరస్కరించాడు. కాంగ్రెస్ ఆయనను కాదని దాన్ని చట్టం చేసింది. నల్లజాతి వారికి పౌరసత్వాన్ని ఖాయం చేసే పద్నాలుగో సవరణను ఆమోదించవద్దని దక్షిణాది రాష్ట్రాలకు సూచించాడు. ఆయన మాటను తోసిపుచ్చి ఆ సవరణను మొదట ఆమోదించిన దక్షిణాది రాష్ట్రం, 1866 జులైలో, టెనెసీయే.